సమాచార ఉల్లంఘన - వినియోగదారుల ప్రతిస్పందన: సింగరేణి కోల్‌బెల్ట్ నేపథ్యంలో చారిత్రక పరిశీలన

సారాంశం:

ఒక సంస్థ వద్ద భద్రంగా ఉండవలసిన వ్యక్తిగత సమాచారం బయటపడినప్పుడు ఆ సంస్థ వినియోగదారులు ఎలా ప్రతిస్పందిస్తారన్నది ప్రస్తుత వ్యాసం పరిశీలించే ప్రధానాంశం. పాశ్చాత్య దేశాల్లో ఈ అంశంపై వచ్చిన చర్చ, సంస్థను విడిచి మరో సంస్థకు వెళ్లగల వినియోగదారుని దృష్టిలో ఉంచుకుని సాగింది. రామగుండం, గోదావరిఖని వంటి బొగ్గుగని ప్రాంతాల్లో ఆ అవకాశం చాలా పరిమితం. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ ప్రతిపాదించిన నిష్క్రమణ, స్వరం, విధేయత అనే భావనల ఆధారంగా, 2016 నుంచి 2024 వరకు తెలుగు రాష్ట్రాలను తాకిన కొన్ని సంఘటనలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. కార్మికునిగా బలమైన సమష్టి స్వరం కలిగిన వ్యక్తి, వినియోగదారునిగా ఒంటరి అవుతున్న స్థితిని, ఆ స్థితికి దోహదం చేస్తున్న చట్టపరమైన, భాషాపరమైన కారణాలను వివరిస్తుంది.

కీలక పదాలు: సమాచార ఉల్లంఘన, వినియోగదారులు, సింగరేణి, కోల్‌బెల్ట్, మారుపేరు, నిష్క్రమణ, స్వరం, గోప్యత, డేటా రక్షణ చట్టం.

1. ఉపోద్ఘాతం

పంటపొలం, ఇల్లు, బంగారం మాదిరిగా వ్యక్తిగత సమాచారం కూడా నేడు విలువ గల ఆస్తి అయింది. అయితే మిగిలిన ఆస్తులకు లేని ఒక విచిత్ర లక్షణం దీనికి ఉంది. బంగారం దొంగిలింపబడితే యజమాని వద్ద అది మిగలదు. పేరు, ఫోను నంబరు, ఆధార్ సంఖ్య, వైద్య నివేదిక దొంగిలింపబడినా అవన్నీ యజమాని వద్దే ఉంటాయి. పోయినట్లు కంటికి కనిపించని నష్టం ఇది. నష్టం కనిపించనప్పుడు నష్టపోయినవారు ఎలా స్పందించాలి? ఎవరిని ప్రశ్నించాలి? ఎప్పుడు ప్రశ్నించాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెతికే క్రమంలో వినియోగదారుల స్పందనకు కూడా ఒక చరిత్ర ఉన్నదన్న విషయం స్పష్టమవుతుంది.

ఈ పరిశీలనకు సింగరేణి కోల్‌బెల్ట్‌ను నేపథ్యంగా స్వీకరించడానికి ప్రత్యేక కారణం ఉంది. ఒకే సంస్థ చుట్టూ జీవితం అల్లుకున్న ప్రాంతం ఇది. ఇక్కడి ప్రజలు ప్రభుత్వ రంగ సంస్థలకు ఉద్యోగులు, వినియోగదారులు, లబ్ధిదారులు కూడా. సింగరేణి సంస్థలో ఉల్లంఘన జరిగిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దేశవ్యాప్తంగా, రాష్ట్రవ్యాప్తంగా జరిగిన ఉల్లంఘనలు ఇటువంటి ప్రాంతంలోని వినియోగదారుల ముందు ఏయే మార్గాలను ఉంచాయి, ఏయే మార్గాలను మూసివేశాయి అన్నదే ఇక్కడ విచారణాంశం.

2. సిద్ధాంత భూమిక: నిష్క్రమణ, స్వరం, విధేయత

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన గ్రంథంలో, ఒక సంస్థ పనితీరు దిగజారినప్పుడు దానితో సంబంధం ఉన్నవారికి ప్రధానంగా రెండు మార్గాలుంటాయని ప్రతిపాదించాడు. మొదటిది నిష్క్రమణ, అంటే ఆ సంస్థను విడిచి వేరొక సంస్థను ఆశ్రయించడం. రెండవది స్వరం, అంటే అందులోనే ఉంటూ ఫిర్యాదు, నిరసన, చర్చల ద్వారా మార్పు కోరడం. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలన్నదాన్ని విధేయత ప్రభావితం చేస్తుంది. సంస్థ పట్ల మమకారం ఉన్నవారు వెంటనే విడిచిపోరు, ముందుగా నోరు విప్పి చూస్తారు. నిష్క్రమణ సులభమైనచోట స్వరం బలహీనపడుతుందన్నది కూడా ఆయన గమనించిన అంశం.

సమాచార ఉల్లంఘన విషయంలో ఈ సిద్ధాంతానికి ఒక చేర్పు అవసరం. నిష్క్రమణకైనా, స్వరానికైనా ముందు ఉల్లంఘన జరిగిందన్న ఎరుక ఉండాలి. బియ్యంలో రాళ్లుంటే తినేవారికి తెలుస్తుంది. డేటాబేస్‌కు రంధ్రం పడితే సంస్థ చెబితే తప్ప వినియోగదారునికి తెలియదు. కాబట్టి ఎరుక అనే మెట్టును హిర్ష్‌మన్ మార్గాలకు ముందు నిలిపి చూడవలసి ఉంటుంది.

3. పాశ్చాత్య అనుభవం

ఎరుకను చట్టబద్ధ హక్కుగా మార్చిన తొలి ప్రయత్నం అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జరిగింది. ఉల్లంఘనకు గురైనవారికి ఆ విషయం తెలియజేయాలన్న చట్టం అక్కడ 2003లో అమలులోకి వచ్చింది. దాని ప్రభావం 2005లో ఛాయిస్‌పాయింట్ అనే సమాచార వ్యాపార సంస్థ ఉదంతంలో కనిపించింది. ఆ సంస్థ మొదట చట్టం ఉన్న కాలిఫోర్నియా వాసులకే లేఖలు పంపింది. ఇతర రాష్ట్రాల నుంచి నిరసన వచ్చిన తర్వాతే మిగిలిన బాధితులకూ తెలియజేసింది. ఒకే నష్టానికి గురైన ఇరుగుపొరుగు రాష్ట్రాల ప్రజల్లో చట్టం ఉన్నచోట ముందు ఎరుక, తర్వాత స్పందన పుట్టాయి. లేనిచోట మొదట మౌనమే ఉన్నది.

నిష్క్రమణకు బ్రిటన్‌లోని టాక్‌టాక్ ఉదాహరణగా నిలుస్తుంది. 2015 అక్టోబరులో ఆ టెలికాం సంస్థపై జరిగిన దాడిలో సుమారు 1,57,000 మంది వివరాలు బయటపడ్డాయి. దాని ఫలితంగా సుమారు 95,000 మంది ఖాతాదారులను కోల్పోయినట్లు సంస్థే ప్రకటించింది. గడువుకు ముందే ఒప్పందం రద్దు చేసుకోదలచినవారికి, డబ్బు పోయిన సందర్భంలో తప్ప, రుసుము మినహాయించేందుకు సంస్థ అంగీకరించలేదు. అక్కడ కూడా నిష్క్రమణకు తలుపు ఉన్నది గాని దానికి గొళ్లెం కూడా ఉన్నది.

ఇందుకు భిన్నమైనది ఈక్విఫ్యాక్స్ ఉదంతం. రుణచరిత్రలు సేకరించే ఈ సంస్థ 2017 సెప్టెంబరులో ప్రకటించిన ఉల్లంఘనలో సుమారు 14.7 కోట్ల మంది అమెరికన్ల వివరాలు బయటపడ్డాయి. వారిలో అధికులు ఆ సంస్థను ఎన్నడూ ఎంచుకున్నవారు కారు. బ్యాంకులు, రుణదాతలు అందించిన సమాచారం ద్వారా వారి పేర్లు అక్కడికి చేరాయి. ఎంచుకోని సంస్థను విడిచిపోవడం సాధ్యం కాదు. 2019లో కుదిరిన పరిష్కారంలో బాధితులు 125 డాలర్ల వరకు కోరవచ్చునన్న ప్రకటన వెలువడగానే దరఖాస్తులు వెల్లువెత్తాయి. కేటాయించిన నిధి చాలదని, నగదుకు బదులు ఉచిత రుణపర్యవేక్షణ సేవను ఎంచుకొమ్మని ప్రభుత్వ సంస్థే ప్రజలకు సూచించవలసి వచ్చింది. కోల్‌బెల్ట్ వినియోగదారుల స్థితిని అర్థం చేసుకోవడానికి టాక్‌టాక్ కంటే ఈక్విఫ్యాక్స్ దగ్గరి పోలిక.

4. కోల్‌బెల్ట్: మస్టరు నుంచి డేటాబేస్ వరకు

ఇల్లందు ప్రాంతంలో 1871లో బొగ్గు నిక్షేపాలను గుర్తించిన తర్వాత, 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. 1889లో బొగ్గు ఉత్పత్తి మొదలైంది. 1920లో ఆ సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. నేడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటాలున్న సంస్థ ఇది. గోదావరి తీరంలో రామగుండం పరిసరాల్లో గనులు తెరుచుకోవడంతో గోదావరిఖని పట్టణం రూపుదిద్దుకుంది. ఎన్టీపీసీ తాప విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం దీనికి తోడై రామగుండాన్ని పారిశ్రామిక కేంద్రంగా నిలిపాయి.

బొగ్గుబాయిలో పనిచేసే కార్మికుని జీవితంలో సంస్థ అనేక రూపాల్లో ఉంటుంది. వేతనం ఇచ్చేది, క్వార్టరు కేటాయించేది, దానికి నీరు, విద్యుత్తు సమకూర్చేది, ఏరియా ఆసుపత్రిలో వైద్యం చేసేది ఒకే సంస్థ. అందువల్ల కార్మికుని గురించి, అతని కుటుంబం గురించి, వారి ఆరోగ్యం గురించి ఒకేచోట పోగుపడే సమాచారం ఇతర ప్రాంతాలతో పోలిస్తే ఎక్కువ. క్వార్టరులో నివసించేవారికి విద్యుత్తు విషయంలో కూడా మరో సంస్థను ఎంచుకునే ప్రసక్తి లేదు. ప్రైవేటు ఇళ్లలో ఉండేవారికి వరంగల్ కేంద్రంగా పనిచేసే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ ఒక్కటే ఆధారం.

ఈ ప్రాంతంలో నమోదు అనేది జీవనాధారంతో ముడిపడిన విషయం. మస్టరులో పేరుంటేనే ఆ రోజు పని, పనిదినాలు నిండితేనే హక్కులు. 'మారుపేర్ల' సమస్య ఇందుకు నిదర్శనం. పూర్వం గనుల్లో చేరినవారిలో కొందరు తమ అసలు పేరుతో కాక మరొక పేరుతో ఉద్యోగంలో నమోదయ్యారు. ఊరిలో ఒక పేరు, బాయిలో మరొక పేరుతో దశాబ్దాల పాటు పనిచేశారు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగానికి అనర్హుడైనప్పుడు, లేదా మరణించినప్పుడు, వారసులు ఉద్యోగం కోసం దరఖాస్తు చేసుకుంటే రెండు పేర్లూ ఎదురెదురుగా నిలిచాయి. ఈ సమస్యను పరిష్కరించాలన్నది కార్మిక సంఘాల చిరకాల కోరికల్లో ఒకటి.

మారుపేరు ఉదంతం సమాచార చరిత్ర దృష్ట్యా విలువైనది. కాగితపు దస్త్రాల కాలంలో ఒక నమోదుకూ మరొక నమోదుకూ మధ్య ఉండే ఎడం సామాన్యునికి ఒక రకమైన రక్షణ. ఓటరు జాబితా, రేషను కార్డు, గని రిజిస్టరు వేర్వేరు బీరువాల్లో ఉన్నంతకాలం వాటిలోని తేడాలు ఎవరికీ పట్టలేదు. ఆధార్ వంటి ఉమ్మడి సంఖ్య అన్నింటినీ కలిపినప్పుడు ఆ ఎడం తొలగిపోయింది. అలాగే వైద్య నివేదిక మరోచోట వ్యక్తిగత రహస్యం మాత్రమే కావచ్చు. కోల్‌బెల్ట్‌లో అది ఒక కుటుంబానికి రాబోయే ఉద్యోగాన్ని నిర్ణయించే పత్రం. కాబట్టి ఇక్కడ సమాచారం బయటపడడమంటే బ్యాంకు ఖాతా ఒక్కటే ప్రమాదంలో పడడం కాదు. బతుకుతెరువుకు ఆధారమైన గుర్తింపే ఇతరుల చేతికి చిక్కడం.

5. తెలుగునాట సంఘటనల క్రమం

5.1 డెబిట్ కార్డుల ఉదంతం (2016)

2016 అక్టోబరులో దేశవ్యాప్తంగా సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు ప్రమాదంలో పడినట్లు వెల్లడైంది. ఏటీఎంల నిర్వహణలో సేవలందించే హిటాచీ పేమెంట్ సర్వీసెస్ వ్యవస్థలో హానికర సాఫ్ట్‌వేర్ చేరడం ఇందుకు కారణం. ఆ సాఫ్ట్‌వేర్ మే, జులై నెలల మధ్య పనిచేసినట్లు సంస్థ 2017 ఫిబ్రవరిలో అంగీకరించింది. భారతీయ స్టేట్ బ్యాంకు సుమారు 6 లక్షల కార్డులను నిలిపివేసి కొత్తవి జారీచేసింది. 19 బ్యాంకులకు చెందిన 641 మంది నుంచి, మొత్తం రూ. 1.3 కోట్లకు సంబంధించిన ఫిర్యాదులు అందినట్లు జాతీయ చెల్లింపుల సంస్థ ప్రకటించింది.

32 లక్షలకూ 641కీ మధ్య ఉన్న అంతరం గమనింపదగినది. డబ్బు పోయినవారే ఫిర్యాదుదారులయ్యారు. వివరాలు పోయినవారు కేవలం కొత్త కార్డు అందుకున్నారు. ఉల్లంఘన వేసవిలో జరిగితే ఎరుక శరదృతువులో కలిగింది. ఆ మరుసటి నెలలోనే పెద్ద నోట్ల రద్దు ప్రకటన వెలువడింది. నమ్మకం సడలిన కార్డునే అందరూ ఆశ్రయించవలసిన పరిస్థితి ఏర్పడింది. అందువల్ల ఈ ఉదంతంపై జరగవలసిన ప్రజాచర్చ జరగకుండానే మరుగున పడింది.

5.2 ప్రభుత్వ పోర్టళ్లు (2017-2018)

2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ప్రచురించింది. అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి రూపొందించిన ఆ నివేదిక నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించింది. వాటిలో సుమారు 13 కోట్లకు పైగా ఆధార్ సంఖ్యలు, సుమారు 10 కోట్ల బ్యాంకు ఖాతా సంఖ్యలు బహిరంగంగా ఉన్నట్లు అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపుల నివేదికలది, రెండవది చంద్రన్న బీమా పథకానిది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది ఆధార్ వివరాలు కులం, మతం వంటి అంశాలతో సహా కనిపిస్తున్నట్లు వెల్లడైంది.

ఈ ఉదంతాల్లో ఎవరూ తాళం పగలగొట్టలేదు, తలుపే తెరిచి ఉంది. వీటిని గుర్తించినవారు పరిశోధకులు. వివరాలు బయటపడిన ఉపాధి కూలీలు, బీమా సభ్యుల నుంచి స్వరం వినిపించలేదు. తమ వివరాలు ఒక వెబ్‌సైటులో ఉన్నాయని తెలుసుకోవడానికి అవసరమైన సాధనాలు వారి వద్ద లేవు. వారిని వ్యవస్థ చూసిన తీరు కూడా ఇందుకు కారణం. బ్యాంకు దృష్టిలో వ్యక్తి 'ఖాతాదారుడు', పథకం దృష్టిలో 'లబ్ధిదారుడు'. ఖాతాదారుడు అన్న పదంలో హక్కు ఉంది. లబ్ధిదారుడు అన్న పదంలో కృతజ్ఞత ఉంది. మేలు పొందినవారు ఇచ్చినవారిని నిలదీయడం సమంజసం కాదన్న భావన ఆ పదంలోనే ఇమిడి ఉంది.

5.3 విద్యుత్ పంపిణీ సంస్థలపై దాడి (2019)

2019 మే నెల ప్రారంభంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్ దాడికి గురయ్యాయి. సమాచారాన్ని తాళం వేసి బంధించి, విడుదలకు సొమ్ము కోరే దాడి ఇది. ఆన్‌లైన్ బిల్లుల చెల్లింపులకు ఆటంకం కలిగింది. సమాచారం బహిర్గతం కావడం, అందుబాటులో లేకుండా పోవడం రెండు వేర్వేరు విషయాలు. వినియోగదారునికి రెండవది వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే బిల్లు కట్టడం కుదరదు. మొదటిది తెలియదు. సేవ తిరిగి మొదలుకాగానే వినియోగదారుని దృష్టిలో సమస్య ముగుస్తుంది.

ఈ సందర్భంలో నిష్క్రమణకు అర్థమే లేదు. ఒక ప్రాంతానికి ఒకే పంపిణీ సంస్థ ఉన్నప్పుడు దానిని విడిచిపెట్టడమంటే చీకటిని ఎంచుకోవడమే. మిగిలే మార్గం పాక్షిక నిష్క్రమణ, అంటే సంస్థను విడిచిపెట్టకుండా దాని డిజిటల్ ద్వారాన్ని మాత్రమే విడిచిపెట్టి తిరిగి కౌంటరు వద్ద వరుసలో నిలబడడం. గుత్తాధిపత్యం ఉన్నచోట అవిశ్వాసం వ్యక్తమయ్యే సహజ రూపం ఇదే. సంస్థల లెక్కల్లో దీనిని నిరసనగా ఎవరూ నమోదు చేయరు.

5.4 సైబరాబాద్ పోలీసుల కేసులు (2023)

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు సుమారు 16.8 కోట్ల మంది వ్యక్తిగత వివరాలను అమ్ముతున్న ముఠాను అరెస్టు చేశారు. వాటిలో సుమారు 2.55 లక్షల మంది రక్షణ సిబ్బంది వివరాలు కూడా ఉన్నాయి. కొద్ది రోజులకే మరొక కేసులో 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన సుమారు 66.9 కోట్ల మంది సమాచారం ఉన్న వ్యక్తిని అరెస్టు చేసినట్లు ప్రకటించారు. వివరాలను వృత్తి, ఆదాయం, అవసరాల వారీగా వర్గీకరించి సరుకుగా అమ్మినట్లు దర్యాప్తులో తేలింది. సమాచారం ఎక్కడి నుంచి వెళ్లిందో తెలుసుకునేందుకు పోలీసులు పలు సంస్థలకు నోటీసులు పంపారు.

దేశజనాభాలో దాదాపు సగానికి చేరువైన సంఖ్య ఇది. వింతేమిటంటే, సంఖ్య పెరిగేకొద్దీ స్పందన తగ్గింది. '641 మంది' అన్నప్పుడు వారెవరన్న కుతూహలం కలుగుతుంది. '66.9 కోట్లు' అన్నప్పుడు 'అందరిదీ పోయింది, మనది ఒక లెక్కా' అన్న నిర్లిప్తత ఏర్పడుతుంది. ఊరందరికీ వచ్చిన కష్టం ఏ ఒక్కరి కష్టమూ కాకుండా పోతుంది.

5.5 ప్రజాపాలన దరఖాస్తులు, హాక్ ఐ యాప్ (2024)

2024 జనవరిలో హైదరాబాద్‌లోని బాలానగర్ ఫ్లైఓవర్‌పై ప్రజాపాలన దరఖాస్తులు ద్విచక్ర వాహనంపై తరలిస్తుండగా రోడ్డుపై పడిపోయాయి. ప్రజల పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ వివరాలున్న కాగితాలు చెల్లాచెదురయ్యాయి. దారిన పోయేవారు ఆగి, వాటిని ఏరి, తీసుకువెళ్తున్న వ్యక్తిని ప్రశ్నించారు. దృశ్యాలు రాష్ట్రమంతటా వ్యాపించాయి. సంబంధిత నగరపాలక అధికారులపై సస్పెన్షన్ చర్యలు వెంటనే వెలువడ్డాయి.

అదే సంవత్సరం మే నెలాఖరులో తెలంగాణ పోలీసుల 'హాక్ ఐ' యాప్ సమాచారం ఒక వేదికపై అమ్మకానికి వచ్చింది. ఆపదలో ఉన్నవారు సహాయం కోరేందుకు, నేరాలపై ఫిర్యాదు చేసేందుకు ఉద్దేశించిన యాప్ ఇది. ఫిర్యాదుదారుల పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాల వంటి వివరాలను నిందితుడు 150 డాలర్లకు అమ్మజూపినట్లు పోలీసులు తెలిపారు. జూన్‌లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఒక యువ విద్యార్థిని అరెస్టు చేసింది.

ఈ రెండు సంఘటనలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. రోడ్డుపై పడిన కాగితాలను చూసి ముక్కూమొహం తెలియనివారు కూడా స్పందించారు. అంతకంటే సున్నితమైన సమాచారం, అందునా రక్షణ కోరి పోలీసులను ఆశ్రయించినవారి సమాచారం, కంటికి కనిపించకుండా బయటికి వెళ్లినప్పుడు అటువంటి బహిరంగ స్పందన కనిపించలేదు. తెలుగు సమాజంలో గోప్యత పట్ల పట్టింపు లేదన్న వాదన దీనితో నిలవదు. పట్టింపు ఉంది. అది వ్యక్తం కావడానికి నష్టం కనిపించాలి.

6. ప్రతిస్పందన రూపాలు

పై సంఘటనల ఆధారంగా నిష్క్రమణ మూసుకుపోయిన వినియోగదారుల ప్రతిస్పందనను నాలుగు రూపాలుగా వర్గీకరించవచ్చు.

మొదటిది మౌనం. ఇది అంగీకారం కాదు. ఎరుక లేకపోవడం, ఉన్నా చేయగలిగింది లేదన్న భావన దీనికి మూలం. రెండవది స్వీయరక్షణ. పిన్ మార్చుకోవడం, కార్డు నిలిపివేయించుకోవడం, తెలియని నంబరు నుంచి వచ్చే ఫోనుకు జవాబివ్వకపోవడం, మోసం జరిగితే 1930కి ఫోను చేయడం ఇందులోకి వస్తాయి. ఇక్కడ సంస్థ చేసిన తప్పుకు శ్రమ వినియోగదారునిది అవుతుంది. మూడవది పైన పేర్కొన్న పాక్షిక నిష్క్రమణ. నాలుగవది ఆత్మనింద. మోసగాడు బాధితుని పేరు, బ్యాంకు, బకాయి వంటి నిజమైన వివరాలు చెప్పి నమ్మించినప్పుడు, ఆ వివరాలు అతనికి ఎలా చేరాయన్న ప్రశ్న వెనక్కి పోతుంది. 'నేనే ఓటీపీ చెప్పాను, తప్పు నాదే' అన్న అవమానం ముందుకు వస్తుంది. అప్రమత్తతా ప్రచారాలు కూడా వినియోగదారునికే జాగ్రత్తలు చెబుతూ ఈ భావనను తెలియకుండానే బలపరుస్తాయి.

కోల్‌బెల్ట్ విషయంలో ఇక్కడొక వైరుధ్యం ఎదురవుతుంది. సమష్టి స్వరానికి పేరెన్నికగన్న ప్రాంతం ఇది. 1998 నుంచి సింగరేణిలో గుర్తింపు కార్మిక సంఘ ఎన్నికలు జరుగుతున్నాయి. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో బొగ్గు ఉత్పత్తిని నిలిపివేసిన చరిత్ర ఈ కార్మికులది. వేతన ఒప్పందం, లాభాల వాటా, గని ప్రమాదం, వారసత్వ ఉద్యోగం వంటి ప్రతి అంశంపైనా మాట్లాడేందుకు వారికి వేదిక, ప్రతినిధి, పరిభాష ఉన్నాయి. అదే కార్మికుడు బ్యాంకు ఎదుట, బీమా సంస్థ ఎదుట, యాప్ ఎదుట నిలిచినప్పుడు అతని వెనుక సంఘం లేదు. గేటు వద్ద వేలమందిలో ఒకడైన వ్యక్తి కౌంటరు వద్ద ఒక్కడే. సమష్టి స్వరం లోపించడానికి ఇక్కడ చైతన్యలేమి కారణం కాదు. ఆ స్వరాన్ని నిర్మించిన సంస్థల పరిధిలోకి సమాచారం అనే అంశం ఇంకా చేరకపోవడమే కారణం.

7. చట్టం, కాలం, భాష

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. అంతకు కొద్దివారాల ముందు, జులై 6న, భారతీయ రిజర్వు బ్యాంకు ఒక కీలకమైన ఉత్తర్వు వెలువరించింది. దాని ప్రకారం తప్పు బ్యాంకుది గాని, ఖాతాదారునిది గాని కాకుండా వ్యవస్థలో మరెక్కడో ఉన్నప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు తెలియజేసిన ఖాతాదారునిపై ఎటువంటి భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో తెలియజేస్తే సాధారణ పొదుపు ఖాతాకు భారం రూ. 10,000 మించదు. ఖాతాదారునిదే బాధ్యత అని నిరూపించవలసింది కూడా బ్యాంకే.

వినియోగదారులకు అనుకూలమైన ఈ నిబంధనలో వేగమే ప్రధానం. భూగర్భ గనిలోకి సెల్‌ఫోను తీసుకువెళ్లే వీలు లేదు. షిఫ్టు ముగిసి పైకి వచ్చేవరకు కార్మికునికి బ్యాంకు సందేశం కనిపించదు. మూడు రోజుల గడువులో ఒక షిఫ్టు చిన్న భాగమే కావచ్చు గాని, దొంగ చేతికి చిక్కిన ఖాతాకు ఆ ఎనిమిది గంటలు చాలా పెద్దవి. నగరంలోని కార్యాలయ ఉద్యోగిని దృష్టిలో ఉంచుకుని రూపొందిన రక్షణ, గని కార్మికుని దినచర్యకు సరిపోదని దీనిద్వారా తెలుస్తుంది.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు ఉల్లంఘనను ఆరు గంటల్లో ప్రభుత్వ సంస్థకు తెలియజేయాలన్నాయి. బాధితులకు తెలియజేయాలన్న నిబంధన అందులో లేదు. ఆ లోటును 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కొంతవరకు పూరించింది. ప్రతి బాధితునికీ తెలియజేయడం ఇకపై సంస్థ విధి. భద్రతా చర్యల్లో వైఫల్యానికి రూ. 250 కోట్ల వరకు, తెలియజేయకపోవడానికి రూ. 200 కోట్ల వరకు జరిమానా విధించవచ్చు. 2025 నవంబరులో వెలువడిన నియమాలు ఈ విధులను దశలవారీగా అమలులోకి తెస్తున్నాయి.

అయితే ఈ జరిమానా ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది, బాధితునికి కాదు. పైగా సమాచార సాంకేతిక చట్టంలో పరిహారానికి ఆధారమైన 43-ఏ సెక్షన్‌ను కొత్త చట్టం తొలగిస్తుంది. ఎరుకను హక్కుగా ఇచ్చిన చట్టమే పరిహార మార్గాన్ని కుదించింది. హిర్ష్‌మన్ పరిభాషలో చెప్పాలంటే, వినియోగదారునికి వినికిడి లభించింది గాని స్వరానికి ఫలితం లభించలేదు.

భాష కూడా ఇక్కడ చర్చించవలసిన అంశమే. అనుమతి కోరే పత్రాన్ని ఎనిమిదవ షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వెసులుబాటు చట్టంలో ఉంది. ఉల్లంఘన గురించి తెలియజేసే సందేశం స్పష్టంగా, సులభంగా ఉండాలని నియమాలు చెబుతున్నాయి. అయితే ఇల్లు కాలిందని చెప్పే లేఖ ఇంటివారికి తెలియని భాషలో వస్తే అది చెప్పినట్లు కాదు. తెలుగు పత్రికల్లో ఈ విషయానికి 'డేటా చోరీ', 'డేటా లీక్', 'హ్యాక్' అన్న పదాలు స్థిరపడ్డాయి. 'చోరీ' అన్నప్పుడు దోషమంతా దొంగది అవుతుంది, కాపలా బాధ్యత గల సంస్థ కూడా బాధితురాలిగా కనిపిస్తుంది. 'లీక్' అన్నప్పుడు కుళాయి కారినట్లు కర్త లేని క్రియ అవుతుంది. 'ఉల్లంఘన' అన్నప్పుడు మాత్రమే ఒక కట్టుబాటు, దానిని మీరినవారు, దానివల్ల నష్టపోయినవారు ముగ్గురూ కనిపిస్తారు. ఎవరిని ప్రశ్నించాలన్నది చాలావరకు ఎంచుకున్న పదమే నిర్ణయిస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

1. సమాచార ఉల్లంఘన విషయంలో నిష్క్రమణకు, స్వరానికి ముందు ఎరుక అనే దశ ఉంది. 2016 నుంచి 2024 వరకు పరిశీలించిన ఉదంతాల్లో వినియోగదారులకు ఎరుక ఆలస్యంగా, లేదా మూడవ వ్యక్తుల ద్వారా కలిగింది.

2. కోల్‌బెల్ట్ వంటి ప్రాంతాల్లో వినియోగదారులు ప్రధానంగా ప్రత్యామ్నాయం లేని సంస్థలతో వ్యవహరిస్తారు. అక్కడ వినియోగదారులు విడిచిపోకపోవడాన్ని సంస్థపై విశ్వాసంగా భావించడం సరికాదు.

3. బాలానగర్ ఉదంతం నష్టం కనిపించినచోట స్పందన తక్షణమే వస్తుందని నిరూపిస్తుంది. మౌనానికి కారణం ఉదాసీనత కంటే అదృశ్యత.

4. మారుపేర్లు, వైద్య నివేదికలు, వారసత్వ ఉద్యోగాలు ఉన్న ప్రాంతంలో సమాచార భద్రత జీవనోపాధి భద్రతలో భాగం. కాబట్టి గని భద్రత, వేతనాలతో సమానంగా దీనిని కార్మిక సంఘాల చర్చాంశాల్లో చేర్చవలసి ఉంది.

5. ఉల్లంఘన సందేశం బాధితుని భాషలో చేరాలి. ఇందుకు అవసరమైన పరిభాషను రూపొందించడం, ప్రచారంలోకి తేవడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని.

గనిలో పైకప్పు కూలే ప్రమాదాన్ని ముందుగా గుర్తించి హెచ్చరించడం సంస్థ బాధ్యత అని, అది విధిరాత కాదని చాటడానికి బొగ్గుగని కార్మికోద్యమానికి దశాబ్దాలు పట్టింది. కార్మికుని సమాచారం విషయంలో అదే వాదన మొదలు కావలసి ఉంది.